సమాధికి చోటు దొరకని ఊళ్లు

గౌరవనీయులైన సంపాదకులకు,

ఛత్తీస్‌గఢ్‌లోని బస్తర్ జిల్లా ఛింద్‌వాడా గ్రామంలో 2025 జనవరి 7న కన్నుమూసిన ఒక పాస్టరుగారి భౌతికకాయం పూడ్చుకోవడానికి చోటు లేక ఇరవై రోజులు శవాగారంలో ఉండిపోయింది. ఆ వార్త మన పత్రికల్లో రెండు మూడు రోజులు కనిపించి మరుగున పడింది. ఎక్కడో ఉత్తరాది ఊరి గొడవ అని మనవాళ్లు అనుకొని ఉండవచ్చు గాని, విజయవాడ దగ్గరి మన ఇబ్రహీంపట్నం నుంచి భద్రాచలం, కోంట మీదుగా జగదల్‌పూర్ పోయే 30వ నంబరు జాతీయ రహదారి ఆ ప్రాంతం గుండానే సాగుతుంది. దారి దగ్గరిదే, విషయం కూడా మనకు పరాయిది కాదు.

ఆ కుటుంబం షెడ్యూల్డు కులానికి చెందినది. తన తాతనూ మేనత్తనూ ఊరి శ్మశానంలోనే, క్రైస్తవులకని విడిచిన భాగంలో పూడ్చారని మృతుని కుమారుడు కోర్టుకు విన్నవించుకొన్నాడు. ఈసారి గ్రామస్థులు అక్కడ వీల్లేదన్నారు. సొంత పొలంలో పూడ్చుకుంటామన్నా ఒప్పుకోలేదు. ఇరవై, ఇరవై అయిదు కిలోమీటర్ల దూరంలోని కర్కాపాల్‌లో క్రైస్తవ శ్మశానం ఉన్నదనీ, ఊళ్లో పూడిస్తే అశాంతి రేగవచ్చుననీ హైకోర్టు అతని కోరికను మన్నించలేదు. తండ్రిని ఖననం చేసుకోవడానికి ఒక మనిషి సుప్రీంకోర్టు దాకా రావలసి రావడం బాధాకరమని ధర్మాసనం విచారణలోనే అన్నది. అయినా జనవరి 27న ఇద్దరు న్యాయమూర్తులు రెండు భిన్నమైన తీర్పులు రాశారు. సొంత పొలంలో ఖననం జరుపుకోనివ్వాలని, రాష్ట్రమంతటా క్రైస్తవులకు శ్మశాన స్థలాలను రెండు నెలల్లో గుర్తించాలని జస్టిస్ బి.వి. నాగరత్న పేర్కొన్నారు. ఫలానా చోటనే పూడ్చుకుంటామనే హక్కు మత స్వేచ్ఛనిచ్చే రాజ్యాంగం 25వ అధికరణం కింద రాదని, నిర్దేశించిన స్థలంలోనే ఆ కార్యం జరగాలని జస్టిస్ సతీశ్ చంద్ర శర్మ అభిప్రాయపడ్డారు. దేహం అప్పటికే మూడు వారాలుగా శవాగారంలో ఉన్నందున విషయాన్ని విస్తృత ధర్మాసనానికి పంపక, సంపూర్ణ న్యాయం కోసం సుప్రీంకోర్టుకు ప్రత్యేకాధికారమిచ్చే 142వ అధికరణాన్ని అనుసరించి ఇద్దరూ కర్కాపాల్‌లోనే పోలీసు రక్షణ మధ్య ఖననం జరిపించమన్నారు. ఆ ఏడాది డిసెంబరులో అదే రాష్ట్రంలోని కాంకేర్ జిల్లాలో సొంత భూమిలో పూడ్చిన ఒక వృద్ధుని దేహాన్ని గొడవల నడుమ మళ్లీ వెలికి తీశారు. ప్రార్థనా మందిరాలు తగలబడ్డాయి.

బస్తర్ వంటి చోట్ల ఆదివాసీ గ్రామాలకు తమ నేల మీద, తమ పెద్దల సమాధి రాళ్ల మీద ఉండే మమకారాన్ని నేను తేలికగా చూడను. 1996 నాటి పెసా చట్టం, అంటే ఆదివాసీ షెడ్యూల్డు ప్రాంతాల పంచాయతీల చట్టం, గ్రామసభకు ఇచ్చిన అధికారం ఎంతో పోరాడి సాధించుకొన్నది, అది నిలవాలి. అయితే ఆచారాన్ని కాపాడుకోవడం వేరు, అదే ఊళ్లో పుట్టి పెరిగిన మనిషిని చనిపోయిన రోజున ఊరివాడు కాదనడం వేరు. బతికున్నంత కాలం అదే చెరువు నీళ్లు తాగినవానికి ఊపిరి ఆగగానే ఇరవై కిలోమీటర్ల దూరం ఎట్లా వచ్చిపడుతుంది?

మా విశ్వాసంలో ఈ ప్రశ్న చాలా పాతది. ఆదికాండము 23వ అధ్యాయంలో శారా చనిపోయినప్పుడు అబ్రాహాము హేతు కుమారుల ముందు నిలబడి తాను పరదేశిని, పరవాసినని చెప్పుకొని, భార్యను పాతిపెట్టడానికి కాస్త చోటు ఇమ్మని అడుగుతాడు. కనాను దేశమంతా ఇస్తానని దేవుడు వాగ్దానం చేసిన మనిషికి ఆ దేశంలో మొట్టమొదట సొంతమైన నేల మక్పేలా గుహ, అంటే ఒక సమాధి. నన్ను ప్రతిసారీ ఆపేది ఆ ఊరివాళ్ల జవాబు. వారి దేవుడు వేరు, ఆచారం వేరు. అయినా మా సమాధులలో శ్రేష్ఠమైనదానిలో నీ మృతురాలిని పాతిపెట్టు, మాలో ఎవరూ కాదనరు అంటారు. చివరకు నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చాడన్నది తరువాతి సంగతి. యేసు ప్రభువు దేహాన్ని ఉంచింది కూడా అరిమతయి యోసేపు తన కోసం తొలిపించుకొన్న సమాధిలోనే. ఆ సమాధి ఒక తోటలో ఉండెనని యోహాను సువార్త చెబుతుంది. మనవాళ్లు శ్మశానం అనకుండా సమాధుల తోట అనడం అందుకేనేమో.

బస్తర్ గ్రామస్థులను తప్పుపట్టే ముందు మా ఇల్లు మేము చూసుకోవాలి. కేరళలో ఆర్థడాక్స్, యాకోబాయ అనే రెండు సిరియన్ క్రైస్తవ సంఘాల తగాదాలో చర్చి స్వాధీనం ఎవరిదన్న పంతం సమాధుల దాకా పాకింది. సొంత తాతముత్తాతల పక్కన చోటు దక్కక కుటుంబాలు శవాలతో నిరీక్షించవలసి వచ్చింది. చివరకు ఖనన హక్కు కోసం ఆ రాష్ట్ర శాసనసభ 2020లో ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. అడ్డుపడినవారూ క్రైస్తవులే, అడ్డగింపబడినవారూ క్రైస్తవులే.

అంత దూరం పోనక్కరలేదు. కొన్నేళ్ల కిందట మా ఊళ్లో ఒక వృద్ధురాలు చనిపోయింది. బాప్తిస్మం మా సంఘంలోనే పొందింది, చివరి రోజుల్లో మాత్రం వేరొక ప్రార్థనా మందిరానికి వెళ్లేది. సభ్యత్వం లేదు, చందా కట్టలేదు, కాబట్టి తోటలో చోటు లేదని కమిటీ తేల్చింది. మధ్యాహ్నం నుంచి పొద్దుగూకేదాకా ఆమె కొడుకులు శవపేటికను గేటు ముందు రెండు బల్లల మీద ఆన్చి నిలబడ్డారు. గేటుకు వేసిన తాళం నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది, కొత్త ఇత్తడి తాళం. చివరకు ఆమె ముప్పై ఏళ్లు కూలికి వెళ్లిన ఆసామి, చర్చి ముఖం చూడని మనిషి, తన చేని గట్టు పక్కన చోటు చూపించాడు. డెల్టా నేల గనుక మూడు అడుగులు తవ్వగానే నీరు ఊరింది. పెట్రోమాక్సు దీపం పెట్టుకొని బకెట్లతో తోడిపోశారు. మన్ను మన్నుకు అని పాస్టరుగారు అంటుంటే ఆసామి కూడా ఒక పిడికెడు మట్టి వేశాడు. ఆ కమిటీలో నేనూ సభ్యుడిని. ఆ రోజు నోరు విప్పలేదు. ఆమె కొడుకులు ప్రతి ఈస్టరుకు తెల్లవారుజామున ఆ గట్టు మీద సమాధికి సున్నం వేసి కొవ్వొత్తులు వెలిగిస్తారు. మా తోటలో మేమూ వెలిగిస్తాము.

తెలుగు పల్లెల్లో ఈ ఇబ్బంది పైకి కనబడకపోవడానికి మరొక కారణం ఉన్నది. 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు మూడవ పేరా ప్రకారం హిందూ, సిక్కు, బౌద్ధ మతాలు గాక వేరే మతాన్ని అనుసరించేవారు షెడ్యూల్డు కులాల కిందికి రారు. సిక్కులను 1956లోనూ, బౌద్ధులను 1990లోనూ చేర్చారు, క్రైస్తవులను చేర్చలేదు. అందువల్ల ఆదివారం గుడికి వెళ్లే అనేక కుటుంబాలు కాగితం మీద హిందువులుగానే మిగిలిపోతున్నాయి. 2011 జనగణన లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు ఒకటిన్నర శాతమైనా లేరు. క్రైస్తవ శ్మశానానికి స్థలం కావాలని తహసీల్దారుకు అర్జీ పెడితే, ఆ సంతకమే రేపు పిల్లవాని కుల ధ్రువపత్రానికి అడ్డు రావచ్చునని తండ్రి భయపడతాడు. కాలువ గట్టో, వాగు ఒడ్డో, చెరువు కట్ట దిగువో చూసుకొని పని కానిస్తాడు. వాన పడితే ఆ గుంటలు కుంగిపోతాయి, కాలువ పూడిక తీసినప్పుడు ఎముకలు బయటపడతాయి. ఆ ఉత్తర్వు గురించి ఎవరి అభిప్రాయం ఏదైనా కావచ్చు, దాని భారం శవాల మీద కూడా పడుతున్నదని మాత్రం మన పాలకులు గుర్తించాలి.

తెలంగాణలో పల్లె ప్రగతి కింద ఊరూరా వైకుంఠధామాలు కట్టారు. మంచి పని. అయితే అవి ప్రధానంగా దహనానికి తగినట్టు కట్టినవి. పూడ్చుకొనేవారికి, వారు క్రైస్తవులైనా, ముస్లింలైనా, పూడ్చే ఆచారం ఉన్న హిందూ కులాలవారైనా, విడిగా నేల కావాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2020 చివర మొదలైన భూముల రీసర్వే సందర్భంలో తరతరాలుగా వాడుకలో ఉన్న సమాధుల తోటలను శ్మశానం పోరంబోకుగా రికార్డుల్లో నమోదు చేసి హద్దురాళ్లు వేయించడం కష్టమైన పని కాదు. అర్జీ పెట్టినవారి మతం అడగకుండా, ఖనన స్థలం అని మాత్రమే రాసుకొని ప్రతి పంచాయతీలోనూ కొంత నేల కేటాయిస్తే, కుల ధ్రువపత్రం భయం లేకుండా మనుషులు నోరు తెరిచి అడగగలుగుతారు. జిల్లా కలెక్టర్లు ఈ అంశాన్ని గ్రామసభల ముందుకు తేవాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. శ్మశానంలోకి చొరబడి మృతదేహాన్ని అవమానించడం భారతీయ న్యాయ సంహిత 301వ సెక్షను కింద నేరమన్న సంగతి పోలీసు సిబ్బందికి కూడా గుర్తు చేయాలి.

సంఘాల పెద్దలకు నా విన్నపం వేరు. ప్రభుత్వం ఇచ్చేదాకా ఆగనక్కరలేదు. ఏ సంఘంవారైనా, ఏ కులంవారైనా, సభ్యత్వం ఉన్నా లేకపోయినా, ఊళ్లో చనిపోయిన ఎవరి బంధువులు అడిగినా తోటలో చోటు ఇవ్వాలని మా సంఘ కమిటీ ముందు నేను గత నెలలో ఒక తీర్మానం పెట్టాను. ఇద్దరు బలపరిచారు. మిగిలినవారు తోటలో ఉన్నది ముప్పై సెంట్లేనని, మన పిల్లలకు మిగలదని వాదించారు. స్థలం తక్కువన్న మాట నిజమే, దానికి నేను జవాబు చెప్పలేకపోయాను. తీర్మానాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేదు. వచ్చే నెల సమావేశంలో మళ్లీ చర్చకు వస్తుంది.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
తెనాలి మండలం