మన సంఘం వార్షిక నివేదిక, 2024–25

అధ్యక్షులవారికి, కార్యవర్గ సభ్యులకు, రాత్రి డ్యూటీ దిగి నిద్ర మానుకొని వచ్చిన అన్నలకు, అక్కలకు నమస్కారం. సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి నివేదిక చదవాలని మన నిబంధనావళిలో ఉంది కాబట్టి 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి దాకా జరిగిన పనులు చదువుతున్నాను. కాంట్రాక్టర్ల కింద షాపులు, హోటళ్ల చెత్త ఎత్తే మనం ఈ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు మళ్లీ చెప్పనక్కర్లేదు.

ముందు కృతజ్ఞతలు చెప్పేస్తాను. చివర్లో చెబితే అప్పటికి టీ వచ్చేస్తుంది, ఎవరూ వినరు. హెపటైటిస్-బి టీకాల క్యాంపు నడిపిన డాక్టరమ్మ గారికి (పేరు రాయొద్దన్నారు), ఆమెతో వచ్చిన నర్సులకు, క్యాంపుకు షామియానా, కుర్చీలు ఉచితంగా వేసిన సప్లయర్స్ వారికి, రెయిన్‌కోట్లు ఇచ్చిన బెసెంట్ రోడ్డు బట్టల షాపుల వారికి, కూలి తీసుకోకుండా మన ట్రాలీ ఆటోలకు రివర్స్ హారన్లు బిగించిన ఆటోనగర్ ఎలక్ట్రీషియన్‌కు, కరపత్రాలు అచ్చు వేసి బిల్లు ఇంతవరకూ అడగని ప్రెస్సు యజమానికి, ఏడాది పొడవునా మీటింగులకు తన మేడ మీద గది ఇచ్చిన మన కోశాధికారి గారి అత్తగారికి సంఘం తరఫున ధన్యవాదాలు. ఎవరి పేరైనా వదిలేసి ఉంటే టీ దగ్గర చెప్పండి, మినిట్స్‌లో చేరుస్తాం.

ఏడాది ఎండలతోనే మొదలైంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు, మన విజయవాడలో అంతదాకా ఆగక్కర్లేదు. మధ్యాహ్నం రౌండును సాయంత్రానికి మార్చమని కాంట్రాక్టర్లను అడిగాం. కొందరు మార్చారు. ప్రతి బండిలో మంచినీళ్ల క్యాను, ఓఆర్ఎస్ ప్యాకెట్లు పెట్టించాం.

జులైలో టీకాలు మొదలుపెట్టాం. హెపటైటిస్-బికి మూడు డోసులు. మొదటిది వేయించుకున్న నెలకు రెండోది, ఆరో నెలకు మూడోది. మొదటి డోసుకు సందు చివరిదాకా క్యూ. ఆగస్టులో రెండోదానికీ పర్వాలేదు. మూడోది సంక్రాంతి అయిన వారంలో పడింది. ఊళ్లకు వెళ్లినవాళ్లు తిరిగి రాలేదు, వచ్చినవాళ్లు బద్ధకించారు. డాక్టరమ్మ గారు మధ్యాహ్నం దాకా ఖాళీ కుర్చీల మధ్య కూర్చున్నారు. పిలిచి తెచ్చుకున్న మనిషిని అలా కూర్చోబెట్టడం కార్యదర్శిగా నాకు తలకొట్టేసినట్టయింది. రెండు డోసులతో ఆపేసినవాళ్లు మళ్లీ మొదటినుంచి వేయించుకోనక్కర్లేదట, మిగిలిన డోసు వేయించుకుంటే చాలట. ఈ మాట చెప్పింది కూడా ఆమే. ఈసారైనా రండి.

ఇక సెప్టెంబరు. ఒకటో తారీఖున బుడమేరు వాగు సింగ్ నగర్, పాయకాపురం, వాంబే కాలనీల మీద పడింది. అటు ప్రకాశం బ్యారేజీ దగ్గర మర్నాటికి కృష్ణ 11 లక్షల క్యూసెక్కులు దాటింది. మన సభ్యుల్లో చాలామంది ఇళ్లు ఆ పేటల్లోనే ఉన్నాయి. సొంత ఇంట్లో నడుం లోతు నీళ్లు పెట్టుకుని వచ్చి, నీళ్లు తీసిన వీధుల్లో షాపులు ఖాళీ చేసినవాళ్లు ఈ గదిలో కూర్చున్నారు. కిరాణా కొట్లలో బియ్యం బస్తాలు నాని, ఉబ్బి, పులిసిపోయి ఉన్నాయి. పట్టుకుంటే గోతం చినిగి చేతిలోకి ముద్ద వచ్చేది. పరుపుల షాపులో నానిన పరుపు నలుగురు పట్టినా లేవలేదు, కత్తితో నాలుగు ముక్కలు కోసి బయటికి ఈడ్చాం. ఆ పని చేసినవాళ్లలో ముగ్గురికి నడుము ఇప్పటికీ సర్దుకోలేదు. గమ్‌బూట్లు ఉన్నా పైనుంచి నీళ్లు దిగాక అవి తొట్లే. గంటల తరబడి కాళ్లు నానిపోయి వేళ్ల సందులు ఒరిసి, చీము పట్టాయి. ఎలుక మూత్రం కలిసిన నీళ్లలో పుండు కాళ్లతో దిగితే లెప్టోస్పైరోసిస్ వస్తుందని డాక్టరమ్మ గారు వారానికోసారి వేసుకునే మాత్రలు ఇచ్చారు, ధనుర్వాతం ఇంజెక్షన్లు చేయించారు. బయటి మున్సిపాలిటీల నుంచి వచ్చి మనతో పాటు బురదలో నిలబడ్డ పారిశుద్ధ్య కార్మికులకు, ఫైరింజన్లతో ఇళ్లు కడిగిన సిబ్బందికి ఈ సభ నుంచి నమస్కారాలు.

అదే సమయంలో మన దగ్గర వాలంటీర్లుగా పేర్లు రాయించుకున్న కుర్రాళ్ల సంగతి కూడా రాయాలి. మొదటి రోజు కొత్త గమ్‌బూట్లు తొడుక్కుని ఫొటోలు దిగారు. రెండో రోజు నుంచి ఫోన్లు ఎత్తలేదు. బూట్లూ వెనక్కి రాలేదు. మనుషులు రాకపోతే పోనీ, బూట్లయినా పంపండి నాయనా, ఈ వర్షాకాలానికి పనికొస్తాయి.

నవంబరులో హెల్పర్‌గా పనిచేసే ఒక తమ్ముడి పాదం మీదికి బండి చక్రం ఎక్కింది. ఇరుకు సందు, అర్ధరాత్రి, రివర్సులో వస్తున్న బండి, దాని వెనక తొట్టి లాగుతూ ఇతను. డ్రైవరుకు అద్దంలో కనపడలేదు. మన పనిలో పెద్ద దెబ్బలు ఇలా రివర్సులో చాలా తగులుతాయి. ఆ కాంట్రాక్టరు (పేరు రాయను) ముందు 'అతను మా మనిషే కాదు' అన్నాడు. మస్టర్ (హాజరు) పుస్తకంలో సంతకాలు చూపించాక, 1923 నాటి కార్మికుల నష్టపరిహార చట్టం గురించి మన లాయరు గారు ఫోన్లో రెండు ముక్కలు చెప్పాక, ఆస్పత్రి బిల్లు కట్టాడు. ఈఎస్ఐ (కార్మికుల వైద్య బీమా) ఉంటే ఈ తిరుగుడే ఉండేది కాదు. 10 మంది గానీ, ఆ పైన గానీ పనిచేసే చోట, నెలకు 21,000 రూపాయల దాకా జీతం ఉన్న ప్రతి ఒక్కరికీ ఈఎస్ఐ హక్కు. మీ జీతంలో కోత పడుతుంటే కార్డు నంబరు అడగండి. కోతా లేదు, కార్డూ లేదంటే సంఘానికి చెప్పండి. రివర్స్ హారన్లు ఆ తర్వాతే బిగించాం. వెనక్కి వచ్చేటప్పుడు హెల్పర్ డ్రైవరుకు కనపడే పక్కనే నిలబడాలి, బండి కదులుతుండగా ఫుట్‌బోర్డు మీద వేలాడకూడదు. ఇది ఈ ఏడాది తీర్మానం, సలహా కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఫిబ్రవరిలో, మాఘమాసం పెళ్లిళ్ల జోరులో, హోటళ్లు, బార్లు, ఫంక్షన్ హాళ్ల వాళ్లను ఒక రాత్రి మన బండి వెంట తిప్పాం. ఈ ఆలోచన మహిళా విభాగం కన్వీనర్ అక్కది. 'మనకు గ్లౌజులు లేవని ప్రతి మీటింగులో ఏడుస్తాం. సంచి కట్టేవాడి సంగతి ఎవరడుగుతారు?' అంది. ఆమె మాట నిజం. గ్లౌజులు సూదిని ఆపవు. పగిలిన సీసా ముక్కను కూడా కొంతవరకే ఆపుతాయి. దెబ్బ మన చేతికి తగులుతుంది గానీ, తప్పు సంచి కట్టిన చోటే జరిగిపోతుంది.

పిలిచినవాళ్లందరూ రాలేదు. వచ్చినవాళ్లు మాత్రం చివరిదాకా ఉన్నారు. బెంజి సర్కిల్ వైపు ఒక హోటల్ వంట మాస్టారును, ఆయన వంటింటి సంచినే ఎత్తమన్నాం. నవ్వుతూ రెండు చేతులతో కావలించుకుని ఎత్తాడు. అడుగున కబాబ్ ఇనుప చువ్వ ఉంది. అది సంచి చీల్చుకొచ్చింది, సాంబారు, గ్రేవీ కలిసి ఆయన ప్యాంటు మీదుగా చెప్పుల్లోకి దిగాయి. చువ్వ తొడకు గుచ్చుకోలేదు, అదృష్టం. తర్వాత ఆటో లైటు ముందు పట్టా పరిచి, అందరి ఎదుటా కొన్ని సంచులు విప్పాం. బీరు సీసా మెడలు, మేకులున్న స్టేజీ చెక్కలు, పగిలిన ట్యూబ్‌లైటు, లాడ్జి గది సంచిలోంచి మూత లేని ఇన్సులిన్ సిరంజి ఒకటి. ఒక బార్ సూపర్‌వైజరు ఆ సిరంజిని చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. మన అక్క 'మేము వెనక్కి వేయడానికి లేదు తమ్ముడూ, వెనక బండి ఉంటుంది' అంది. అందరూ నవ్వారు గానీ ఆ తర్వాత ఎవరూ ఫోను చూసుకోలేదు.

తెల్లవారుజామున ఇడ్లీ బండి దగ్గర కూర్చుని మాట్లాడుకున్నాం. బార్ల వాళ్లు పగిలిన సీసాలను, అవి వచ్చిన అట్టపెట్టెల్లోనే పెట్టి ఎర్ర టేపు చుట్టి పక్కన ఉంచుతామన్నారు. తందూరీ బొగ్గుల బూడిదను సంచిలో వేయకుండా, రేకు డబ్బాలో నీళ్లు చల్లి మర్నాడు ఇస్తామన్నారు (నిప్పు ఆరని బూడిద వల్ల మన బండి ఒకటి కృష్ణలంకలో అంటుకున్నంత పనైంది, గుర్తుందిగా). వంటింటి సంచి సగం దాటి నింపకుండా కట్టడానికి వంట మాస్టారు ఒప్పుకున్నాడు. ఫంక్షన్ హాలు మేనేజర్లు మాత్రం 'క్యాటరింగ్ వాళ్లతో మాట్లాడాలి' అన్నారు, ఇంకా మాట్లాడుతూనే ఉన్నారు. మార్చి నాటికి మాట నిలబెట్టుకున్న హోటళ్లు, బార్లే ఎక్కువ. సంఘం పుట్టాక నేను గర్వంగా చెప్పుకునే కార్యక్రమం ఇదే.

నిజానికి ఇదంతా మనం బతిమాలి చేయించుకోవాల్సిన పని కాదు. రోజుకు సగటున 100 కిలోలు దాటి చెత్త వచ్చే చోట్ల తడి, పొడి అక్కడే విడదీయాలని ఘన వ్యర్థాల నిబంధనల్లో 2016 నుంచీ ఉంది. చెత్త ముట్టుకునే కార్మికులకు యూనిఫాం, మెరిసే జాకెట్, గ్లౌజులు, రెయిన్‌కోటు, బూట్లు, మాస్కు అందేలా చూడాలనీ అందులోనే ఉంది. 2024 డిసెంబరులో కేంద్రం కొత్త ముసాయిదా కూడా విడుదల చేసింది. కాగితం మీద లోటేమీ లేదు.

ఈ మాటే చెప్పడానికి ఒక ఆఫీసుకు వెళ్లాం. అర్జీలో అడిగింది పెద్ద కోరికేమీ కాదు. బండ్లు దించే చోట ఒక కొళాయి, సబ్బు, ఆడవాళ్లకు తలుపున్న ఒక మరుగుదొడ్డి. 'మీరు ప్రైవేటు కదా' అన్నారు. కాంట్రాక్టరును అడిగితే 'స్థలం గవర్నమెంటుది కదా' అన్నాడు. జనవరి నుంచి మూడో శనివారాలు స్వచ్ఛాంధ్ర కార్యక్రమం జరుగుతోంది. పిలిచారు, మన జెండాతో వెళ్లి చీపుర్లు పట్టుకున్నాం. ఫొటోలయ్యాక ఒక అధికారి ఎదురుపడితే కొళాయి సంగతి గుర్తు చేశాం. ఆయన శానిటైజర్ సీసా తీసి మన అధ్యక్షులవారి చేతిలో నాలుగు చుక్కలు వేశారు.

గ్లౌజుల గురించి ఒక్క మాట. పల్చటివి రెండు రోజులకే చినుగుతున్నాయని, అరచేతికి రబ్బరు పూత ఉన్న అల్లిక గ్లౌజులు తెప్పించాం. వాటితో ముడి వేయొచ్చు, తడి సంచీ జారదు. కానీ చేతికి తొడుక్కుంటేనే. కొందరి ఇళ్లలో అవి గులాబీ మొక్కలు కత్తిరించడానికి వాడుతున్నారని విన్నాను.

సూది గుచ్చుకుంటే ఏం చేయాలో అచ్చు వేసిన కార్డు ప్రతి బండిలో అతికించాం. అయినా ఇక్కడా చెబుతున్నాను. రక్తం పిండకండి, నోట్లో పెట్టుకోకండి, సబ్బు, పారే నీళ్లతో కడగండి. వెంటనే ప్రభుత్వాసుపత్రి ఏఆర్‌టీ సెంటరుకు వెళ్లండి, హెచ్ఐవీ రాకుండా మందులు ఉచితంగా ఇస్తారు. రెండు గంటల్లోపు మొదలుపెడితే మంచిది, 72 గంటలు దాటితే ఉపయోగం ఉండదు. 28 రోజులు మానకుండా వాడాలి. డ్యూటీ అయ్యాక వెళ్దాంలే అనుకోవద్దు. మేస్త్రీ పంపనంటే నాకు ఫోన్ చేయండి, ఎంత రాత్రయినా సరే.

జమాఖర్చులు కోశాధికారి గారు చదువుతారు, ఆడిట్ చేసిన కాగితం తలుపు పక్కన అంటించి ఉంది. బూట్లు, టీకాలు, కార్డుల అచ్చుకే ఎక్కువ పోయింది. కొంచెం మిగిలింది. అనుమానాలుంటే కాగితం చూశాక అడగండి.

వచ్చే ఏడాదికి కార్యవర్గం అనుకున్నవి: ఫంక్షన్ హాళ్లు, క్యాటరింగ్ వాళ్లతో మరో రాత్రి రౌండు, మిగిలినవాళ్లకు మూడో డోసు, బ్యాంకు ఖాతా ఉన్న ప్రతి సభ్యుడికీ ఏడాదికి 20 రూపాయల సురక్ష (ప్రమాద) బీమా, కొళాయి. కొళాయి అర్జీ మీద అందరి సంతకాలు కావాలి, కాగితం మహిళా విభాగం అక్క దగ్గర ఉంది. చందా బాకీలు టీ అయ్యాక కట్టి రసీదు తీసుకోండి. బాకీ ఉన్నవాళ్లకు కార్యవర్గ ఎన్నికల్లో ఓటు ఉండదు, తర్వాత నన్నంటే లాభం లేదు.

ఇట్లు,
కార్యదర్శి
విజయవాడ