సర్కారు అప్పులో చిన్న పొదుపరికీ చోటు కావాలి

సంపాదకులకు నమస్కారం.

మీ వాణిజ్య పుటలో షేర్ల పట్టికల కింద పదేళ్ల ప్రభుత్వ బాండుపై, అంటే సర్కారు అప్పు తీసుకుని ఇచ్చే పత్రంపై, రాబడి ఎంతో చెప్పే చిన్న పంక్తి తరచు కనిపిస్తుంది. ఒడిశాలోని మా బరంపురంలో బంగారం ధర చూడనివారు లేరు గాని, ఆ పంక్తి మీద కన్ను ఆపేవారు నాకు తెలిసి బహు తక్కువ. దేశంలో ఎవరి ఆదాయం ఏ దారిన పెరుగుతున్నదో తెలుసుకోవడానికి బంగారం ధర కన్నా ఆ పంక్తే ఎక్కువ పనికొస్తుందని, ముప్పై ఏళ్లు బడిలో లెక్కలు చెప్పిన నేను నమ్ముతున్నాను.

2025-26 కేంద్ర బడ్జెట్‌లో మొత్తం వ్యయం అంచనా 50.65 లక్షల కోట్ల రూపాయలైతే, అందులో పాత అప్పులపై వడ్డీకే 12.76 లక్షల కోట్లు పోతున్నాయి. ఖర్చయ్యే ప్రతి నాలుగు రూపాయల్లో ఒకటి వడ్డీ అన్నమాట. అదే బడ్జెట్‌లో గ్రామీణ ఉపాధి హామీకి కేటాయించింది 86 వేల కోట్లు. వడ్డీ దానికి దాదాపు 15 రెట్లు. అప్పు చేయడమే తప్పని నా వాదన కాదు. రైలు మార్గాలకూ రహదారులకూ అప్పు చేయక తప్పదు, చేసిన అప్పుకు వడ్డీ కట్టకా తప్పదు. ఆ వడ్డీ ఎవరి ఇంటికి చేరుతున్నదన్నదే నా ప్రశ్న. ఎందుకంటే దాన్ని కట్టడానికి పన్ను మాత్రం అందరమూ ఇస్తున్నాం. సూరత్ మరమగ్గాల మీద రాత్రింబవళ్లు పనిచేసి ఇంటికి డబ్బు పంపే మా గంజాం జిల్లా కుర్రవాడు కూడా ఫోను రీచార్జి చేయించుకున్న ప్రతిసారీ 18 శాతం జీఎస్టీ కడుతున్నాడు.

ప్రభుత్వ బాండ్లలో సుమారు మూడో వంతు బ్యాంకుల చేతిలోను, నాలుగో వంతు దాకా బీమా సంస్థల చేతిలోను ఉన్నాయి. మిగిలిన వాటిలో రిజర్వు బ్యాంకుకు, భవిష్యనిధులకు వాటా ఉంది. మనుషులు తమ పేరున నేరుగా కొనుక్కున్నవి చాలా స్వల్పం. బ్యాంకు కొన్నా ఆ సొమ్ము మన డిపాజిట్టే గదా అని ఎవరైనా అనవచ్చు. నిజమే. బ్యాంకులు తమ డిపాజిట్లలో కనీసం 18 శాతాన్ని ప్రభుత్వ బాండ్ల వంటి భద్రమైన చోట ఉంచాలని నిబంధనే ఉంది. అయితే ఆ వడ్డీ డిపాజిటుదారు చేతికి వచ్చేసరికి దారిలో ఎంత తరుగుతున్నదో చూడాలి. 2025 ఫిబ్రవరి, జూన్ మధ్య రెపో రేటు (బ్యాంకులకు రిజర్వు బ్యాంకు అప్పిచ్చే వడ్డీ రేటు) 6.5 శాతం నుంచి 5.5కు దిగాక, పెద్ద బ్యాంకులు పొదుపు ఖాతాపై వడ్డీని 2.5 శాతం చేశాయి. మన వాడుక లెక్కలో అది నెలకు నూటికి ఇరవై పైసలు. అదే వీధిలో ఆడవాళ్లు వారం వారం వాయిదా కట్టే సూక్ష్మ రుణానికి నూటికి రెండు రూపాయల దాకా పడుతున్నది. ప్రభుత్వం తన పదేళ్ల బాండుపై ఇస్తున్నది ఏడాదికి ఆరు శాతానికి పైగానే.

వడ్డీ రేటు తగ్గడం కూడా అందరికీ ఒకేలా తగలదు. ఏటా 7 రూపాయలు ఇచ్చే వంద రూపాయల పదేళ్ల బాండు ఒకరి దగ్గర ఉందనుకుందాం. బజారులో రేటు 6 శాతానికి దిగితే, పాత బాండు ఎక్కువ ఇస్తుంది కాబట్టి దాని ధర సుమారు 107 రూపాయలకు పెరుగుతుంది. బాండున్నవారికి ఏ శ్రమా లేకుండా ఏడు రూపాయల లాభం. ఖాతాలో డబ్బు దాచుకున్నవారికి అదే రోజున వడ్డీ కోత. ప్రపంచ అసమానతల పరిశోధనశాల 2024లో వెలువరించిన అధ్యయనం ప్రకారం, 2022-23లో మన దేశ ఆదాయంలో 22.6 శాతం పైనున్న ఒక శాతం జనానికి దక్కింది. సంపదలో వారి వాటా 40.1 శాతం. రాబడినిచ్చే ఆస్తులు ఎవరి పేరున ఉన్నాయన్నదాన్ని వదిలేసి ఆ రెండు అంకెల మధ్య దూరాన్ని అర్థం చేసుకోలేం.

మా దగ్గర ఈ విషయానికి బాధాకరమైన గతం కూడా ఉంది. 2013లో ఒడిశాలో చిట్‌ఫండ్ మోసాలు బయటపడి, మరుసటి ఏడాది మే నెలలో సుప్రీంకోర్టు దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అప్పుడు నష్టపోయినవారిని అత్యాశాపరులని తిట్టినవాళ్లను చూశాను. నేను ఆ మాట అనలేను. భద్రమైన పథకం వారి గుమ్మం దాకా రాలేదు, ఏజెంటు మాత్రం వచ్చాడు, వాళ్ల భాషలోనే మాట్లాడాడు.

మా వీధిలో నేను పిన్నీ అని పిలిచే ఒక నేత ఇంటి ఇల్లాలు ఉన్నారు. వయసు యాభై ఏడు. భర్త పోయాక పట్టుమగ్గం ఆపేసి, చేతికొచ్చిన మూడు లక్షలు పొదుపు ఖాతాలో వేసుకున్నారు. కేంద్రం అమ్మే మారురేటు (ఫ్లోటింగ్ రేటు) పొదుపు బాండుకు 2023 జులై నుంచి 2025 ఆఖరు దాకా 8.05 శాతం వడ్డీ నడిచింది. వెయ్యి రూపాయలతోనూ కొనవచ్చు, ఏడాదికి రెండుసార్లు వడ్డీ వస్తుంది. ఆ సంగతి నేను చెబితే ఆవిడ, "మనమేటి, గవర్నమెంటుకి అప్పియ్యడమేటి బాబూ?" అన్నారు. ఒప్పించి బ్యాంకుకు తీసుకెళ్లాను. ఆ బ్యాంకు ఈ బాండ్లు అమ్మే జాబితాలో ఉన్నదే. అయినా అక్కడి ఉద్యోగికి ఆ దరఖాస్తు ఎక్కడుంటుందో తెలియలేదు. దానికి బదులు ఒక బీమా పాలసీ కాగితాలు మా ముందుంచారు. రెండోసారి వెళ్లినప్పుడు ఆధార్‌లో ముందున్న ఇంటిపేరు పాన్ కార్డులో చివరికి చేరిందని అభ్యంతరం చెప్పారు. మన తెలుగువారి ఇంటిపేర్లకు సరిహద్దు ఇవతల ఈ అవస్థ ఇంటింటా ఉన్నదే.

చివరికి ఆవిడ పోస్టాఫీసు నెలసరి ఆదాయ పథకంలో 7.4 శాతానికి డబ్బు వేశారు. పొదుపు ఖాతాలో ఏడాదికి 7,500 రూపాయలు వచ్చేచోట ఇప్పుడు 22,200 వస్తున్నాయి. బాండు దొరికి ఉంటే, ఆ రేటు నిలిచినంత కాలం 24,150 వచ్చేవి. ఈ రెండు వేల తేడా కోసం ఇంత రాయనక్కరలేదు. కానీ మొదటి రెండు అంకెల మధ్య దూరం ఒక ఇంటి బియ్యం ఖర్చు. దాన్ని దాటించింది ఆవిడ తెల్లవారితే నడిచి వెళ్లగల పోస్టాఫీసు.

రిజర్వు బ్యాంకు 2021 నవంబరు 12న రిటైల్ డైరెక్ట్ పథకం తెచ్చి, పది వేల రూపాయలతో ఎవరైనా ప్రభుత్వ బాండు కొనవచ్చని చెప్పింది. మంచి పని. అయితే దానికి పాన్, ఈమెయిలు, ఆన్‌లైన్ ఖాతా కావాలి. అంతకుముందే, 2020లో, విదేశీ మదుపరులకు పరిమితి లేని దారి తెరిచారు. 2024 జూన్ 28 నుంచి మన బాండ్లు విదేశీ నిధులు అనుసరించే జేపీ మోర్గాన్ బాండ్ల సూచీలో చేరడంతో లండన్‌లో కూర్చున్న నిధి నిర్వాహకుడికి మన సర్కారుకు అప్పివ్వడం మరింత సులువైంది. బరంపురం నేత వీధికి ఆ సులువు ఇంకా రాలేదు.

కాబట్టి ఆర్థిక మంత్రిత్వ శాఖ ఈ పొదుపు బాండ్లను పోస్టాఫీసుల్లోనూ అమ్మించాలని కోరుతున్నాను. ఇప్పుడున్న ఏడేళ్ల గడువు, అరవై దాటినవారికి తప్ప ముందుగా తీసుకునే వీలు లేకపోవడం చిన్న కుటుంబాలకు మోయలేని షరతులు. జబ్బు చేసినా, పిల్ల పెళ్లి వచ్చినా కొంత సొమ్ము వెనక్కి తీసుకునే ఏర్పాటు ఉండాలి. గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో దరఖాస్తులు ఒడియాతో పాటు తెలుగులోనూ ఉంచాలి. మీ పత్రికను కోరేది కూడా ఒకటుంది. పోస్టాఫీసు పథకాల వడ్డీ రేట్లనూ ఈ బాండు రేటునూ, మూడు నెలలకోసారి, బంగారం ధర వేసే చోటే అంత పెద్ద అక్షరాల్లోనే ప్రచురించండి.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా