వంటలక్కను ఎప్పుడో పంపించేయాల్సింది

ఎడిటర్ గారికి నమస్కారం.

మేముండేది బెంగళూరు కె.ఆర్.పురంలో, సొంతూరు మదనపల్లె పక్కన. ఇక్కడికొచ్చి ఇరవై రెండేళ్ళయినా మా ఇంట్లో రాత్రి ఏడున్నరైతే తెలుగు టీవీయే మోగుతుంది. మీ పేపర్ సినిమా పేజీలో తరచూ ఒక వార్త చూస్తుంటాను, ఫలానా సీరియల్ నుంచి ఫలానా హీరోయిన్ తప్పుకుందట, కొత్తావిడ వస్తోందట, అభిమానులకు షాక్ అని. ఇక తప్పు ఆవిడదా, ప్రొడ్యూసర్‌దా అని ఒకటే గొడవ. నాకైతే వెళ్ళిపోయిన వాళ్ళ మీద కోపం లేదండీ. వెళ్ళాల్సినప్పుడు వెళ్ళకుండా ఉండిపోయిన వాళ్ళ గురించే ఈ ఉత్తరం.

మా అమ్మను చూసి చెబుతున్న మాట ఇది. ఆవిడకి 71 ఏళ్ళు. టీవీ ముందు ఊరికే కూర్చోదు, చేతిలో ఏదో ఒక పనుండాలి. 2022 మార్చిలో ఊరి నుంచి కొత్త చింతపండు వచ్చింది. హాల్లో పాత చీర పరుచుకుని చిన్న కత్తితో చీలుస్తూ, గింజలు ఒక పక్క, ఈనెలు ఒక పక్క వేస్తోంది. 'కార్తీకదీపం' సీరియల్లో హీరో డాక్టర్ బాబు, అందరూ వంటలక్క అని పిలిచే ఆయన భార్య దీప యాక్సిడెంట్‌లో పోయినట్టు చూపించింది అప్పుడే. అమ్మ చేతిలో కత్తి అలాగే ఉండిపోయింది. సీరియల్ అయ్యేదాకా ఒక్క గింజ తీయలేదు. అయ్యాక కొంగుతో ముఖం తుడుచుకుని, "పోన్లే, ఆ పిల్లకి ఇప్పటికైనా కష్టాలు తీరాయి" అంది. నాకు నవ్వొచ్చింది కానీ నవ్వలేదు. దీపగా వేసిన ప్రేమీ విశ్వనాథ్, డాక్టర్ బాబుగా వేసిన నిరుపమ్ పరిటాల వెళ్ళిపోవడానికి అంతకన్నా మంచి రోజు ఉంటుందా?

పిల్లలు పెద్దవాళ్ళయ్యారని కథ కొన్నేళ్ళు ముందుకు జరిపారు. జనం వంటలక్క కావాలన్నారో, రేటింగ్ పడిపోయిందో, ఆ ఏడాదిలోనే పోయినవాళ్ళిద్దర్నీ వెనక్కి తెచ్చారు. 2017 అక్టోబర్‌లో మొదలైనది, 1500 ఎపిసోడ్లు దాటి, 2023 జనవరి 23న ముగిసింది. ఆ రోజూ నేను ఇంట్లోనే ఉన్నాను. అనపకాయల కాలం కదా, అమ్మ నానబెట్టిన గింజలు పితుకుతోంది. చివరి సీన్ వస్తున్నా వేళ్ళు ఆగలేదు, చిటుక్ చిటుక్‌మని పప్పు గిన్నెలో పడుతూనే ఉంది. "అయిపోయిందా? రేపట్నుంచి ఈ టైముకి ఏమొస్తుంది?" అనడిగింది, అంతే. మర్నాడు అదే టైముకి 'బ్రహ్మముడి' మొదలైంది, చూసింది.

అమ్మకి ప్రేమీ విశ్వనాథ్ నటన నచ్చక కాదు. మొదట్లో దీప ఎలా ఉండేదో గుర్తు తెచ్చుకోండి. మొగుడు అనుమానించాడు, బయటికొచ్చేసింది, వంటలు చేసి కూతుర్ని పెంచింది, ఎవరి ముందూ చెయ్యి చాచలేదు. ప్రతి వారం ఏదో ఒకటి తనే తేల్చుకునేది. పోను పోను అన్నీ విలన్ మోనితే చేయడం, దీప ఏడవడం. ఆ మోనిత వేసిన శోభా శెట్టి మా కన్నడం వాళ్ళమ్మాయే, పాపం ఆ సీరియల్‌ని చాలాకాలం భుజాన మోసింది ఆవిడే అనిపిస్తుంది నాకు.

అందుకని లీడ్ యాక్టర్ ఎప్పుడు తప్పుకోవాలి అని ఎవరైనా అడిగితే నా లెక్క ఇది. ఈ నెల రోజుల్లో నీ పాత్ర తనంతట తానుగా ఒక్క నిర్ణయమైనా తీసుకుందా? తలుపు చాటు నుంచి వినడం, నిజం చెప్పబోయేసరికి ఫోన్ మోగడం, కళ్ళు తిరిగి పడిపోవడం, గుళ్ళో పొర్లుదండాలు పెట్టడం, ఇవేవీ నిర్ణయాల కింద రావు. రెండు నెలలు వరసగా లేదు అనే జవాబు వస్తే ఇక డేట్స్ ఇవ్వకూడదు.

ఇది సోఫాలో కూర్చుని చెప్పడం తేలికే అని నాకూ తెలుసు. వాళ్ళకి రోజు లెక్కన డబ్బులొస్తాయి, సీరియల్ ఆగితే మేకప్ మనిషి నుంచి లైట్ బాయ్ దాకా అందరికీ పని పోతుంది, గురువారం టీఆర్పీ వచ్చేదాకా ఛానెల్‌లో అందరికీ టెన్షన్. హీరోయిన్ మొహమే ఆ స్లాట్‌కి బోర్డు, బోర్డు పీకేసి కొట్టు నడపమంటే ఎవరు నడుపుతారు? పైగా మన తెలుగు సీరియళ్ళలో సగం జంటలు ఈ కర్ణాటక నుంచి వెళ్ళినవాళ్ళే. 'గుప్పెడంత మనసు'లో రిషి, వసుధార వేసిన ముకేశ్ గౌడ, రక్షా గౌడ కూడా ఇక్కడివాళ్ళే. రిషి నెలల తరబడి కనిపించలేదు, ఆ తర్వాత ఆటో నడిపే రంగాగా తిరిగొచ్చాడు, 2024 ఆగస్టులో సీరియల్ అయిపోయింది. ఆయనకి ఏ ఇబ్బంది ఉందో అది ఆయన సొంత విషయం, నాకు అక్కర్లేదు. కానీ అన్ని నెలలు ఆ వసుధార చేత ఎదురుచూడటం తప్ప ఇంకేమీ చేయించలేదు చూడండి, అక్కడ కడుపు మండింది.

మా పక్కింటి కన్నడావిడది ఇంకో కథ. ఆవిడ 'జొతె జొతెయలి' చూసేది, మా అమ్మ అదే కథని తెలుగులో 'ప్రేమ ఎంత మధురం'గా చూసేది. పొద్దున బట్టలారేసేటప్పుడు మేడ మీద ఇద్దరూ కథలు సరిచూసుకునేవాళ్ళు, ఈవిడకి కన్నడం అంతంత మాత్రం, ఆవిడకి తెలుగు అంతంత మాత్రం, అయినా ఆ కథలో హీరో ఆర్యవర్ధన్ దగ్గర ఇద్దరికీ భాష కుదిరిపోయేది. 2022 ఆగస్టులో కన్నడంలో హీరో అనిరుధ్‌కీ టీమ్‌కీ చెడింది. ఆయన స్థానంలో హరీశ్ రాజ్ వచ్చారు, కథలో ప్రమాదం, ప్లాస్టిక్ సర్జరీ అన్నారు. ఆయన మంచి నటుడే. కానీ ఆ మర్నాడు పక్కింటావిడ మేడ మీదికి రాగానే, "ఇవరు నమ్మ ఆర్య సార్ అల్లవే అల్ల" (ఈయన మన ఆర్య సార్ కానే కాదు) అని బకెట్ కింద పెట్టేసింది, మా అమ్మ ఓదార్చింది. తమాషా ఏంటంటే దీనికి మూలమైన మరాఠీ సీరియల్ 2018 ఆగస్టులో మొదలై ఏడాది తిరగకుండానే 2019 జులైలో అయిపోయింది. కథ అంతే ఉంది, అంతలోనే చెప్పారు, ఎవరికీ సర్జరీ అవసరం పడలేదు. కన్నడంలో 2023 దాకా సాగింది, తెలుగులో ఇంకా ఎక్కువే.

మొహం మార్చడం కొత్తేం కాదు. హిందీ 'క్యోంకీ సాస్ భీ కభీ బహూ థీ'లో తులసిగా స్మృతి ఇరానీ 2007లో మానేస్తే గౌతమీ కపూర్‌ని పెట్టారు, జనానికి ఎక్కలేదు, మరుసటి ఏడాది మళ్ళీ స్మృతి ఇరానీయే వచ్చింది. ఇంకో హిందీ సీరియల్ 'తారక్ మెహతా'లో హీరో భార్య దయా బెన్ 2017 నుంచి పుట్టింటి నుంచి వస్తూనే ఉంది. ఇదైతే మరీ అన్యాయం, ఉన్నట్టూ కాదు, పోయినట్టూ కాదు.

రాధిక గారి పద్ధతి నాకు నచ్చింది. జెమినీలో 'పిన్ని'గా మనందరం చూసిన ఆ తమిళ సీరియల్ 1999లో వచ్చింది. దాని పేరుతోనే 2020లో రెండోది మొదలుపెట్టి, 2021లో ఇక తప్పుకుంటున్నానని ఆవిడే బయటికి చెప్పి వెళ్ళిపోయారు. తర్వాత పిన్ని లేని పిన్ని ఎలా నడిచిందనేది వేరే సంగతి. చెప్పి వెళ్ళడమే నేనడిగేది. నెల ముందు చెప్పండి, ఆ నెలంతా ఆ పాత్ర చేత గట్టిగా ఒక పని చేయించండి, పంపించండి. లారీ గుద్దించక్కర్లేదు, లోయలో పడేయక్కర్లేదు. ఉద్యోగం వచ్చి వేరే ఊరికి వెళ్ళిందని చూపిస్తే ఎవరొద్దన్నారు, మేమంతా అలాగే కదా బెంగళూరు వచ్చింది.

2024 మార్చిలో మళ్ళీ 'కార్తీకదీపం' వచ్చింది, కొత్త కథ, అదే జంట, అవే పేర్లు. మా ఇంట్లో మళ్ళీ కొత్త చింతపండు, అదే పాత చీర. మొదటి రోజు అమ్మ కాసేపు చూసి, "ఒరే, ఈ పిల్లని ఇంకా ఇంటికి పంపలేదా వీళ్ళు" అని రిమోట్ నా చేతిలో పెట్టి కుక్కర్ ఆపడానికి లేచింది.

ఇట్లు
ఒక పాఠకుడు
కె.ఆర్.పురం, బెంగళూరు