చీమలు, వాన, అమ్మ మాట

ప్రియమైన శ్రీనివాస్‌కు,

నీ ఉత్తరం చదివినప్పటి నుంచి నా ధ్యాసంతా మీ పెరటి చీమల మీదనే ఉంది. అవి గుడ్లు మోసుకుపోవడం చూసి ఈ రాత్రి వాన పడుతుందని అమ్మ చెప్పిందనీ, వాన నిజంగానే పడిందనీ, అయితే పొద్దున మల్లెపాదు తవ్వుతూ నువ్వు పుట్టను చెదరగొట్టినందుకే అవి కదిలాయనీ రాశావు. మరి వాన సంగతి అమ్మకు తెలిసినట్టా, తెలియనట్టా అని అడిగావు.

నమ్మకం ఉండాలి, అది నిజం కావాలి, దానికి తగిన ఆధారం ఉండాలి. ఈ మూడూ కలిస్తేనే జ్ఞానమని పాశ్చాత్య తత్త్వవేత్తలు చాలామంది భావించారు. 1963లో అమెరికన్ తత్త్వవేత్త ఎడ్మండ్ గెటియర్ మూడు పేజీల వ్యాసంతో ఆ నిర్వచనాన్ని కదిలించాడు. ఉద్యోగం జోన్స్‌కే వస్తుందని కంపెనీ అధ్యక్షుడి నోట విని, జోన్స్ జేబులో పది నాణేలు లెక్కపెట్టిన స్మిత్, ఉద్యోగం వచ్చేవాడి జేబులో పది నాణేలున్నాయని నమ్ముతాడు; తీరా ఉద్యోగం స్మిత్‌కే వస్తుంది, అతనికి తెలియకుండానే అతని జేబులోనూ పది నాణేలుంటాయి. నమ్మకం, నిజం, ఆధారం మూడూ ఉన్నా దాన్ని జ్ఞానమనడానికి మనసొప్పదు.

ఇలాంటి చిక్కు మన దేశానికి కొత్తది కాదు. మాంసం కాల్చడానికి అప్పుడే రాజేసిన నిప్పుకు ఇంకా పొగ రాకముందే, వాసనకు మూగిన ఈగల గుంపును దూరం నుంచి చూసి పొగ అని భ్రమపడి, అక్కడ నిప్పుందని సరిగ్గానే నిశ్చయించిన మనిషి సంగతి ఎనిమిదో శతాబ్దపు బౌద్ధ పండితుడు ధర్మోత్తరుడు చెప్పాడు.

అంతకంటే విశేషం, నీ చీమలే న్యాయశాస్త్రంలో, అంటే మన ప్రాచీన తర్కశాస్త్రంలో, ఉన్నాయి! పుట్ట చెదిరినా చీమలు గుడ్లు మోస్తాయి కనుక అనుమానం, అంటే గుర్తును బట్టి ఊహించి తెలుసుకోవడం, ప్రమాణం (నమ్మదగిన జ్ఞానసాధనం) కాదని పూర్వపక్షం, అంటే ఎదుటివారి అభ్యంతరం. భయంతో పరుగెత్తే చీమలు వేరు, వానకు ముందు కదిలే చీమలు వేరు అని న్యాయసూత్రాలు రాసిన గౌతముడి సమాధానం. తప్పు ఊహించినవాడిదే కాని అనుమానానిది కాదని ఆ సూత్రాలకు భాష్యం రాసిన వాత్స్యాయనుడు స్పష్టంగా అన్నాడు. ఈ మాట నాకెంతో నచ్చింది, ఎందుకంటే ఇది ఆధారం ఉందా లేదా అని అడగడంతో ఆగక, ఆ గుర్తును సరిగ్గా గుర్తించారా అని కూడా అడుగుతుంది.

అయినా నీ ప్రశ్న పూర్తిగా తీరలేదు. ఉన్నదాన్ని ఉన్నట్టు గ్రహించడమే యథార్థానుభవమని, అంటే నిజమైన జ్ఞానమని, తర్కసంగ్రహమనే న్యాయశాస్త్ర గ్రంథంలో అన్నంభట్టు చెప్పిన నిర్వచనాన్ని మాత్రమే పట్టుకుంటే, వాన నిజంగానే పడింది కనుక అమ్మ మాట నెగ్గుతుంది. కానీ నేను ఒప్పుకోలేను. రేపు నువ్వు మళ్లీ పాదు తవ్వితే అమ్మ మళ్లీ అదే మాట అంటుంది, ఆ రాత్రి ఆకాశంలో మబ్బు తునక కూడా ఉండకపోవచ్చు. ఇంతకీ ఆ రోజు చీమలు బారు కట్టి వెళ్లాయా, చెల్లాచెదురుగా పరుగెత్తాయా? అమ్మను అడిగి రాయి.

నీ
రాఘవ