సైకిల్ యాత్రకు ముందు

అందరికీ వందనాలు. మిషనరీ దంపతులతో కలిసి సేవానిధి కోసం తొక్కేవాళ్లు సీటు ఎత్తు ఇవాళే చూసుకోండి. పెడల్ బాగా కిందికి వచ్చినప్పుడు దానిమీద మడమ ఆనిస్తే కాలు నిటారుగా ఉండాలి. సీటు కిందికుంటే మోకాలి ముందువైపు నొప్పి పుడుతుంది, మరీ పైకుంటే నడుము అటూఇటూ ఊగుతుంది.

పంక్చరైతే కొత్త ట్యూబు వేసేముందు టైరు లోపల గుడ్డతో తడిమి ముల్లు తీసేయండి, లేదంటే కొత్తదీ పోతుంది. జంటగా వెళ్లేటప్పుడు నెమ్మదిగా తొక్కేవారే ముందుండాలి. పావుగంటకోసారి రెండు గుక్కల నీళ్లు తాగండి.

అన్నిటికన్నా ముఖ్యం డబ్బు లెక్క. కానుకలు ఇద్దరు కలిసి లెక్కపెట్టి సంతకాలు చేయాలి. ఆ ఇద్దరూ భార్యాభర్తలైతే చాలదు, బయటి మనిషి ఒకరు ఉండాల్సిందే. దారిఖర్చులు అందులోంచి తీయొద్దు, వాటికి వేరే సంచి పెట్టండి.