మ్యూజియం ఆవరణలో ఓ కుంపటి

సంపాదకులకు నమస్కారం.

మా అమ్మ వెండి కడియాలు నలిగి బీరువాలో పడి ఉంటే, మొన్న వన్‌టౌన్‌లో ఒక పెద్దాయన దగ్గర కరిగించి జుంకాలు చేయించాను. నా ఎదుటే మూసలో వేసి, కుంపటి మీద పెట్టి ఊదుగొట్టంతో ఊదారు. ఆకురాయితో రుద్దుతుంటే రాలిన పొడిని కూడా ఒళ్లో గుడ్డ పరిచి పట్టుకున్నారు. బేరమాడదామని వెళ్లినదాన్ని, నోరు రాలేదు. అంతకుముందు ఒక షోరూమ్‌లో అడిగితే పాతది తూకానికి ఇచ్చేసి కొత్తది కొనుక్కోమన్నారు. తరుగు, మజూరీ మళ్లీ మామూలే! పర్యావరణ హితం అని బోర్డు మాత్రం ఉంది.

ఈ పనితనం జనం కంటపడాలి. బందరు రోడ్డులో బాపు మ్యూజియం పాత భవనం ఉంది. 1887లో పునాది పడింది. 1921లో పింగళి వెంకయ్య గారు గాంధీజీకి జెండా నమూనా అందించిన చోటు. నెలకో ఆదివారం అక్కడ నగల పనివాళ్లను కూర్చోబెట్టవచ్చు. కొండపల్లి వాళ్లనూ పిలవాలి. తెల్లపొణికి చెక్క, చింతగింజల పిండి మక్కుతో బొమ్మలు చేసే చేతులకు పూసలు, లోలాకులు ఎంతసేపు?

కుంపటి మాత్రం ఆవరణలో, భవనానికి దూరంగా పెట్టించండి.

- ఒక పాఠకురాలు, సత్యనారాయణపురం, విజయవాడ