2024 వార్షిక నివేదిక: గడ్డిబొమ్మల పండగలో మన దిష్టిబొమ్మ

మన తెలుగు సంఘం సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది సంక్రాంతి, ఉగాది, బతుకమ్మ ఎప్పటిలాగే బాగా జరిగాయి. జమాఖర్చులు కోశాధికారి గారు విడిగా పంపుతున్నారు. అందుకే ఈ నివేదికలో ఎక్కువ చోటు మనం మొదటిసారి చేసిన పనికి ఇస్తున్నాను. అది సెయింట్ చార్ల్స్ గడ్డిబొమ్మల పండగలో పాల్గొనడం.

కొత్త సభ్యుల కోసం రెండు మాటలు. అమెరికాలోని ఇల్లినాయి రాష్ట్రంలో, మన అరోరా మీదుగా పారే ఫాక్స్ నదికి ఎగువన ఉన్న ఊరు సెయింట్ చార్ల్స్. 1986 నుంచి అక్కడ అక్టోబరులో, కొలంబస్ డే వారాంతంలో ఈ పండగ చేస్తున్నారు. జనం తామే చేసిన బొమ్మల్ని తెచ్చి ఊరి మధ్య నిలబెడతారు. చూడటానికి వచ్చినవాళ్లు నచ్చిన బొమ్మకు ఓటు వేస్తారు.

ఈసారి ఆ శనివారమే, అంటే అక్టోబరు 12న, దసరా వచ్చింది. దాంతో కమిటీలో పెద్ద చర్చే నడిచింది. పండగపూట దిష్టిబొమ్మ ఏమిటని కొందరు అడిగారు. వాళ్ల అభ్యంతరం అర్థం చేసుకోదగ్గదే. ఆ మాట వింటే ఇప్పుడు చాలామందికి కూడలిలో తగలబెట్టే బొమ్మే గుర్తొస్తుంది. కొడుకు దగ్గరికి పల్నాడు నుంచి వచ్చిన ఒక పెద్దాయన మాత్రం, "చేలో బొమ్మ పంటకు కాపలా, కట్టే ఇంటి ముందు బొమ్మ ఇంటికి కాపలా. కాపలా కాసేవాడు పండక్కి పనికిరాడా?" అన్నారు. చర్చ అక్కడితో ముగిసింది.

మూడు ఆదివారాలు ఒక సభ్యుడి గ్యారేజీలో పని జరిగింది. వరిగడ్డి దొరకలేదు, గోధుమ గడ్డి మోపులు కొన్నాం. రెండు కర్రలు అడ్డంగా కట్టడం, చొక్కాలో గడ్డి కూరడం, పంచె చుట్టడం అన్నీ పెద్దాయనే నేర్పారు. మహబూబ్‌నగర్ నుంచి వచ్చిన ఒక పెద్దమ్మ, జొన్న కంకులు పాలుపోసుకునే రోజుల్లో మంచె ఎక్కి ఒడిసెలతో, అంటే రాళ్లు విసిరే తాడుతో, పిట్టల్ని తోలిన సంగతులు చెప్పారు. "ఎప్పుడైనా పిట్టకి తగిలిందా అమ్మమ్మా?" అని ఒక పాప అడిగింది. "తగలాలని కాదు నాన్నా, లేవాలని" అన్నారావిడ. అప్పటికప్పుడు తాడుతో ఒడిసెల అల్లి ఇచ్చారు. పిల్లలు సాయంత్రం దాకా కాగితపు ఉండలు విసురుతూనే ఉన్నారు.

బొమ్మ అప్పగించే ముందురోజు రాత్రి, బండిలోకి ఎక్కిస్తుంటే తల పగిలింది. సున్నం చుక్కలు పెట్టి ఆరబెట్టిన కుండ అది. అందరికీ టెన్షన్. ఆ వేళప్పుడు కుండ ఎక్కడ దొరుకుతుంది? అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ గుమ్మడికాయలు పండేది మన ఇల్లినాయిలోనే. ప్రతి ఇంటి మెట్ల మీదా ఒకటి ఉంది. ఒకదానికి తెల్ల రంగు వేసి, నల్లటి కళ్లు, కోరమీసం, చుక్కలు దిద్దాం. చేలో కుండ, ఇంటి గుమ్మానికి వేలాడే దిష్టి గుమ్మడికాయ ఒకే బొమ్మలో కలిశాయి. నాకైతే ముందు చేసినదానికంటే ఇదే నచ్చింది.

దసరా ఉదయం అరోరా బాలాజీ గుడికి వెళ్లి, మధ్యాహ్నం అందరం సెయింట్ చార్ల్స్ చేరాం. ఆ చుక్కలేమిటని చాలామంది అడిగారు. చూసేవాళ్ల కన్ను ముందు బొమ్మ మీద పడాలి, పంట మీద కాదు అని మన పిల్లలే చెప్పారు. బహుమతి రాలేదు.

ఒక విషయం సభ్యుల ముందు పెట్టాలి. ఇండియా నుంచి వచ్చే అమ్మానాన్నలను మనం ఏటా ముందు వరుసలో కూర్చోబెట్టి శాలువా కప్పుతాం. తర్వాత ఆరు నెలలు వాళ్లు కిటికీ దగ్గరే గడుపుతారు. ఈ మూడు ఆదివారాలూ పని వాళ్ల చేతుల్లో ఉంది, మనం అందించాం. అందుకే ఈ కార్యక్రమాన్ని ఏటా జరపాలని కోరుతున్నాను.

2025లో దసరా అక్టోబరు 2నే కాబట్టి రెండు పండగలూ ఒకేరోజు పడవు. ఆగస్టులోనే పని మొదలుపెడదాం. పాత పంచెలు, చొక్కాలు, మూలన పడిన క్యాసెట్లు పారేయకండి. టేపు లాగి కడితే గాలికి మోగుతుంది. ఇండియా నుంచి వచ్చేవాళ్లెవరైనా ఒక ఒడిసెల తెస్తే సంతోషం. ఈసారి కుండలు మాత్రం రెండు సిద్ధం చేసుకుందాం.

కార్యదర్శి